ఇప్పచెట్టు మీది బదనిక

భూపాలపల్లి దగ్గర మా ఊళ్లో, తుంటి ఎముక విరిగి అత్తమ్మ మంచం పట్టింది. దవాఖాన మందులకు నొప్పి తగ్గలేదు. అడవిలో ఇప్పకొమ్మను వేళ్లతో కరచుకుని పెరిగే బదనిక తెచ్చి, నూరి కట్టమంది. "తెంపి కిందికి దించేదాక నోరు తెర్వద్దు బిడ్డా, మాట్లాడితె మందు పన్జెయ్యది" అని మా ఇద్దరినీ పంపింది.

మావారు చెట్టెక్కి, గోధుమరంగు గళ్ల పూలగుత్తి వైపు చెయ్యి చాపారు. బదనిక వేళ్ల మధ్య పాము కదిలింది.

"ఏమయ్యో, పాము! చెయ్యి తియ్!" అని అరిచాను.

ఒట్టి చేతులతో ఇంటికి వచ్చి, నేను నోరు తెరిచానని అత్తమ్మకు భయపడుతూ చెప్పాను.

"నువ్వు ఒర్రకుంటె నా కొడుకు ఏడుంటుండె బిడ్డా? మందు వోతె వోనీ" అంది అత్తమ్మ. ఆయన మళ్లీ పోతానంటే, పోనని ఒట్టు వేయించుకుంది.

ప్రాణం పోయేదాకా నొప్పితో మూలిగింది గాని, బదనిక పేరెత్తలేదు. రోజూ దీపం పెట్టి, దేవుడితోపాటు ఆమెకూ దండం పెట్టుకుంటాను.