లక్ష్మి పేరు నొక్కితే

కంప్యూటర్ టంగుమని మోగి, ఫైల్ దొరకలేదంటూ తెర మీద చిన్న డబ్బా లేస్తే, కరీంనగర్‌లోని నా ఇంటర్నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు కంగారుపడతారు. నాకు మాత్రం రాజమల్లు సారు గుర్తొస్తారు.

డిగ్రీ అయ్యాక నా మొదటి కొలువు మా ఊరి నేత కార్మికుల సంఘంలో. సారు దానికి కార్యదర్శి. ముప్పై ఏళ్లు మరమగ్గం నడిపిన మనిషి. కంప్యూటర్ ముట్టుకునేవారు కాదు గానీ, దాని ముందు కూర్చున్న నన్ను ఓ కంట కనిపెట్టేవారు. ఊళ్లో నాకంటే తెలిసినవాళ్లు లేరని నేను గట్టిగా నమ్మిన రోజులవి.

ఆ ఏడు వైద్య కార్డుల కోసం వర్డ్‌లో సభ్యుల జాబితా చేశాను. నూట నలభై పేర్లు. పేరు నొక్కితే ఆ మనిషి గుర్తింపు కాగితం తెరుచుకోవాలి. తెరుచుకోని పేరును తనిఖీకి వచ్చే అధికారి కొట్టేస్తే మళ్లీ ఏడాది దాకా కార్డు రాదు. రెండు రోజుల్లో ఆయన వస్తాడనగా నాకు శుభ్రత పిచ్చి పట్టింది. అంకెలతో ఉన్న స్కాన్ ఫైళ్లకు మనుషుల పేర్లు పెట్టి, వాడల వారీగా ఫోల్డర్లలో సర్దాను. తీరా చూస్తే జాబితాలోని లింకులన్నీ పాత చోటునే వెతుకుతున్నాయి. ఒక్క పేరూ తెరుచుకోలేదు.

సారుకు చెప్పక తప్పలేదు. ఆయన తిట్టలేదు, ఎంతసేపు పడుతుందని మాత్రం అడిగారు. మర్నాడు పొద్దున్నించి కూర్చొని ఒక్కో పేరు మీద కుడి బటన్ నొక్కి, లింకు మార్చి, కొత్త ఫైల్ చూపించాను. మధ్యాహ్నానికి నూట నలభై తెరుచుకున్నాయి. గొప్పగా చెప్పాను.

"తెరుసుకున్నయి సరే. ఎవలియి తెరుసుకున్నయో సూసినవా?" అన్నారు సారు.

నాకు ఒళ్లు మండింది. అయినా ఆయన కుర్చీ లాక్కొని, కాగితం జాబితా ఒళ్లో పెట్టుకున్నారు. నేను నొక్కి, తెర మీది పేరు, తండ్రి లేదా భర్త పేరు చదవాలి. ఆయన టిక్కు పెట్టాలి. ఎనభై దాటాక గాజుల పెద్ద లక్ష్మి పేరు నొక్కితే చిన్న లక్ష్మి ముఖం వచ్చింది. ఇద్దరూ తోడికోడళ్లు, ఒకే ఇంటిపేరు. పెద్ద లక్ష్మి కడుపులో గడ్డ ఉండి, కార్డు వస్తేనే ఆపరేషన్ అని ఎదురుచూస్తోంది. ఈ తప్పుతో అధికారి ఆమె పేరు కొట్టేసేవాడే.

"పోగు తెగితే ఏ కొస దొరికితే ఆ కొసకు ముడెయ్యం గద బిడ్డా. దాని కొస దానికే కలపాలె," అన్నారు సారు నెమ్మదిగా. కలిపాను. మిగిలినవన్నీ ఎదురుచెప్పకుండా చదివి వినిపించాను. మర్నాడు అధికారి ఏ పేరూ కొట్టేయలేదు.

రెండు నెలలకు పెద్ద లక్ష్మి కోలుకొని ఆఫీసుకు వచ్చి సారుకు దండం పెట్టబోయింది. ఆయన ఆమెను ఆపి నా వైపు చూపించారు.

"నాకెందుకమ్మా? నీ కాయితం తెరిసి, నీదేనా కాదా అని సూసింది గీ పిల్లనే."

నా తప్పు ఊసే ఎత్తలేదు. ఆమె నా చేతులు పట్టుకుంటే సిగ్గుతో తలెత్తలేకపోయాను. సారు అన్న ఆ మాట ఆ రోజు నిజం కాదు. అప్పటి నుంచి ఎవరి కాగితం నా చేతికొచ్చినా, తెరిచి, పేరు చదివి, దాన్ని నిజం చేస్తూనే ఉన్నాను.