కడగని గొట్టం

మా ఆవిడ రుగాయా కేప్ టౌన్‌లో ఒక గుండె పరిశోధనశాలలో ముప్పై ఒక్క ఏళ్లు గాజు సామాను కడిగింది. అన్నేళ్లలో ఆమె కడగకుండా వదిలేసింది ఒకే ఒక్క గొట్టం. నేను చెప్పేవాటిలో సగం తీసేసి వినడం మా మనవళ్లకు అలవాటు. ఇందులో తీసెయ్యాల్సిన చోటు ఒక్కటే ఉంది. అక్కడికి రాగానే నేనే చెప్తాను.

నేను అదే భవనంలో లిఫ్టు నడిపేవాణ్ణి. మధ్యాహ్నం కాగానే సింకు గది బయట వరండాలో ఇద్దరం కూర్చుని సమోసాలు తినేవాళ్లం.

అక్కడ జోలేకా అని ఒక పరిశోధక విద్యార్థిని ఉండేది. ఉమ్టాటా అనే ఊరి పిల్ల. ఎలుకల గుండె కణాలను చిన్న చిన్న గాజు పళ్లాల్లో పెంచేది. పళ్లెంలో ఉన్నా అవి కొట్టుకుంటూనే ఉంటాయి. ఒక పళ్లెంలోని కణాలకు కాసేపు ఆక్సిజన్ ఆపి మళ్లీ ఇచ్చేది. అలా కాస్త కష్టపడ్డ కణాలు కంటికి కనిపించని సంచుల్ని బయటికి వదులుతాయి. ఆ సంచుల్ని పక్క పళ్లెంలో వేస్తే అక్కడి కణాలు పెద్ద దెబ్బను కూడా తట్టుకుంటాయా? అదీ ఆమె తేల్చుకోవలసింది. నాలుగుసార్లు చేసింది, నాలుగుసార్లూ ఏదో ఒకటి చెడింది. ఇది ఆఖరుసారి. సోమవారం నుంచి ఆ బల్ల ఇంకొకరిది.

సంచుల్ని పట్టాలంటే కణాలు పెరిగిన నీటిని గొట్టంలో పోసి ఒక యంత్రంలో తిప్పాలి. అది తిరిగితే ఆ విసురుకి మా ఊరి టేబుల్ మౌంటెన్ కొండ మీది మబ్బు పక్కకు జరిగేది. తీసెయ్యాల్సిన చోటు ఇదే. సంచులన్నీ గొట్టం అడుగున ఒక పక్కకు అంటుకుంటాయి. పై నీళ్లు పారబోశాక ఎవరు చూసినా అది ఖాళీ గొట్టమే.

ఆ శుక్రవారం జోలేకా నీళ్లు పారబోసి, గొట్టం బల్ల మీద పెట్టి, ఇంటి నుంచి ఫోనొస్తే బయటికి వెళ్లింది. ఎవరో బల్ల సర్దుతూ దాన్ని కడిగే ట్రేలో పడేశారు. తిరిగొచ్చేసరికి ట్రే ఖాళీ. గొట్టాలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి.

పరిగెత్తుకుంటూ వరండాలోకి వచ్చింది.

"ఆంటీ, నా గొట్టం కూడా కడిగేశారా? అడుగున నల్ల పెన్నుతో చుక్క ఉంటుంది."

"మా ఆవిడ చేతిలో పడ్డాక చుక్కేంటి, గొట్టమే అరిగిపోయుంటుంది" అన్నాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అనకుండా ఉండాల్సింది.

"నువ్వు నోరు మూసుకుని సమోసా తిను" అంది రుగాయా నాతో. "కూర్చో తల్లీ. కడగలేదు. నువ్వెప్పుడూ పెడతావు కదా, ఆ ఐసు డబ్బాలోనే పెట్టాను."

"ఎందుకు కడగలేదు ఆంటీ?"

"ఖాళీదానికి ఎవరైనా చుక్క పెట్టుకుంటారా? మా సాల్ట్ రివర్ పేటలో రంజాన్‌కి పక్కింటికి పళ్లెం పంపితే ఖాళీగా తిరిగి రాదు. ఇంట్లో ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఖాళీదే కదా అని, అడుగున ఉన్న చక్కెర చూసుకోకుండా కడిగేశాను. పక్కింటావిడ పదేళ్లు ఎత్తిపొడిచింది. అప్పట్నుంచీ దేన్నైనా వెలుగులో పెట్టి చూశాకే నీళ్ల కింద పెడతా."

"వెలుగులో ఏమైనా కనపడిందా?"

"ఏమీ కనపడలేదు. అరవై ఏళ్ల కళ్లు ఇవి. వీటి మాట నమ్మి నీ కష్టం నీళ్లలో కలపమంటావా?"

జోలేకా ఆమె చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత లోపలికి వెళ్లి, గొట్టం అడుగున ఉన్నదాన్ని రెండు చుక్కల నీళ్లలో కలిపి, రెండో పళ్లెంలో వేసింది. పోల్చి చూడ్డానికి ఉంచిన మూడో పళ్లెంలో ఏమీ వెయ్యలేదు. రెండింటికీ గంటల తరబడి ఆక్సిజన్ ఆపింది.

శనివారం మాకు సెలవు. అయినా రుగాయా పొద్దున్నే నన్ను లేపి బయల్దేరదీసింది.

"లిఫ్టు ఎలా ఉందో చూసుకోవా?" అంది.

మూడో పళ్లెంలో కదలిక దాదాపు లేదు. రెండోదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి జోలేకా పక్కకు తప్పుకుంది. రుగాయా ఒక కన్ను మూసి చాలాసేపు చూసింది. ఆమె వేలు బల్ల మీద మెల్లగా తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఆ తాళం చూసే నాకు సంగతి తెలిసిపోయింది.

"అన్నీ బతకలేదు ఆంటీ" అంది జోలేకా. "చాలా బతికాయి."

రుగాయా ఆ పిల్ల చెంప నిమిరింది. తర్వాత ఐసు డబ్బాలోని ఆ గొట్టం వైపు తిరిగి చెయ్యి చాపింది.

"ఇప్పుడు ఖాళీ అయింది. ఇలా తే, కడిగేస్తాను."