రావల్కోల్ నుంచి తెచ్చిన రక్తం

రెండువేల దశకం మొదట్లో శామీర్‌పేట దగ్గర ఒక పరిశోధనశాలలో పనిచేశాను. అక్కడి పెద్దసారును ఇప్పటికీ సభల్లో పొగుడుతుంటారు. వింటే నాకు వెగటు.

ఆయన పట్టుకున్న ప్రశ్న మాత్రం మంచిదే. షుగర్ ఉన్నవాళ్లలో కొన్ని రకాల క్యాన్సర్లు ఎక్కువ. షుగరే క్యాన్సర్‌కి దారితీస్తోందా, లేక పుట్టుకతో వచ్చిన జన్యువులే రెండింటికీ కారణమా? తేల్చాలంటే రెండు జబ్బులూ ఉన్న కుటుంబాల రక్తం కావాలి. అందుకే రావల్కోల్‌లో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్లాం. ఇంటామెకు షుగర్. ఆమె అక్క గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది.

“సల్ల తాగుండ్రి సారూ,” అని ఆమె మజ్జిగ గ్లాసు అందించింది. సారు ముట్టలేదు. సీసా నీళ్లు లేవా అని నన్నడిగాడు, ఆమెకు వినపడేలా.

నేను రక్తం తీస్తుంటే ఆమె గొంతు తగ్గించింది. “ముట్లు ఆగి ఏండ్లయింది బిడ్డా. మల్ల నెత్తురు కనవడ్తాంది. ఏమన్న పరేషానా?”

తిరుగుదారిలో జీపులో సారుకు చెప్పాను.

“ఆవిడ వైద్యం మన ప్రాజెక్టులో లేదమ్మా,” అని కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ ఆదివారం నేనే బస్సెక్కి వెళ్లి, ఆమెను సికింద్రాబాద్‌లో ఒక లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నా అనుమానమే నిజమైంది. గర్భసంచిలో క్యాన్సర్, ఇంకా పాకలేదు. ఆపరేషన్ చేసి తీసేశారు.

సంగతి తెలిసి సారు మొహం వెలిగిపోయింది. “చూశావా, రెండు జబ్బులూ ఒకే మనిషిలో! మన అంచనా నిజమే!” అన్నాడు. ఆ మనిషి పక్కన నిలబడటానికే నాకు కంపరమెత్తింది. మర్నాడే ఆపిల్ పళ్లు పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని రావల్కోల్ బయలుదేరాడు. ఆసుపత్రిలో దాచిన గడ్డలో ఒక ముక్కకు ఆమె అనుమతి కావాలి.

ఆమె మంచం మీద దిండు పొట్టకు ఆనించుకుని కూర్చుంది.

“అక్క సచ్చిపోయిందని జెప్తుంటె నా మొకం గూడ సూడలే నువ్వు. ఇయ్యాల గీ గడ్డ మీద గింత ప్రేమేంది సారూ?”

“ఇది సైన్సమ్మా. రేపు మీ పిల్లలకే మంచిది.”

“నా పిల్లలను డాక్టరమ్మ సూస్తది. గడ్డ ఇయ్యను. మొన్న గుంజుకపోయిన నెత్తురు గూడ పారబొయ్యి. ఇగ నీకూ నాకూ ఏం లేదు.”

ఇచ్చినవాళ్లు వద్దంటే తీసేయాలన్నది మా నియమమే. మర్నాడు ఫ్రీజర్‌లోంచి ఆమె రక్తం గొట్టాలు బయటికి తీసి, నా చేత్తోనే నాశనం చేశాను. సారు వారం పాటు నాతో మాట్లాడలేదు. ఆమె చచ్చిపోయి ఉంటే అందులో సగం బాధయినా పడేవాడు కాదు.

తర్వాత ఒక సభలో ఆయన చెప్పాడు: “మంచి కుటుంబం దొరికింది. పల్లెటూరి భయాల వల్ల చేజారింది.” జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

నేను లేచి బయటికొచ్చేశాను. ఆ నెలే ఉద్యోగం మానేశాను. రావల్కోల్ వెళ్లి ఆ మాట చెబితే ఆమె వడ్లు ఆరబోయిస్తూ, “వాన్ని నవ్వనీ బిడ్డా, నేనైతే బతికిన గద,” అని నాకు సల్ల పోసింది.