బోర్డు ముందు మావయ్య

మా మావయ్య పోయాడన్న కబురు ఏటి అవతలి మాంగో పేట నుంచి ఆయన అద్దెకున్న ఇంటివాళ్లు తెచ్చారు. పొద్దున్న గుమ్మం దగ్గర పెట్టిన టీ గ్లాసు మధ్యాహ్నందాకా అలాగే ఉందట. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆయన్ని మాజీ సైనికుడని ఒక్క మాటలో తలుచుకుని పాట అందుకున్నారు. ఆ ఒక్క మాట నాకు చాలలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మా అమ్మకి తమ్ముడు. బర్మా యుద్ధం నుంచి ఒంటిమీద గాయం లేకుండా తిరిగొచ్చాడు. మనసు బాగాలేదని సైన్యం వాళ్లే ఇంటికి పంపేశారు. కాగితం మీద వైకల్యం ఇంత శాతమని వేశారు. ఆ శాతం ఉన్నన్నాళ్లే సైన్యం ఖర్చు మీద నెలనెలా రాంచీ వెళ్లి డాక్టరుకి చూపించుకోవడం, మందులు తెచ్చుకోవడం. పెళ్లి చేసుకోలేదు. భాలుబాసా పేటలో మా ఇంటి వసారా గదిలో ఉండేవాడు.

వానలో తడిసి ఎవరొచ్చినా సరే, పీట వేసి కూర్చోబెట్టి బర్మా అడవుల్లోలా కాలివేళ్ల మధ్య జలగలున్నాయేమోనని వెతికేవాడు. షిఫ్టు దిగి అలిసిపోయి వచ్చిన మా ఆయన కూడా విసుక్కుంటూనే కాళ్లు చాపేవారు. తలుపు మూసి ఉంటే మావయ్యకి ముద్ద దిగేది కాదు. "రాత్రి నిద్దరట్టిందా అని అడక్కే బుల్లీ. తెల్లారిందా అని అడుగు, సాలు" అనేవాడు. నేను నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

రెండేళ్లకోసారి సైన్యం డాక్టర్ల బోర్డు పిలిచి, జబ్బు ఎంత ఉందో మళ్లీ చూసేది. ఒకసారి తోడుగా నేను వెళ్లాను. పెద్దవాళ్ల ముందుకి వెళ్తున్నాడు కదా అని మా తెలివితేటలన్నీ చూపించాం. మంగలిని ఇంటికి పిలిపించాం. చొక్కాకి గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఆయన తన బూట్లు తానే మెరిసేదాకా తుడుచుకున్నాడు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పు, బాగున్నానని చెప్పు అని రైల్లో పాఠం కూడా అప్పజెప్పించాను. నలుగురిలో మా పరువు గురించి ఆలోచించానే గానీ, వాళ్లు చూడవలసింది జబ్బునన్న సంగతి నా బుర్రకి తట్టలేదు. లోపల ఆయన అటెన్షన్‌లో నిలబడి, అడిగిన ప్రతిదానికీ "ఠీక్ హై సాబ్" అనడం తెర ఇవతలికి వినబడుతూనే ఉంది. ఆఫీసరుకి సిపాయి ఇంకేం చెబుతాడు? నెల తిరక్కుండా కాగితం వచ్చింది. శాతం సున్నా. మందులు ఆగిపోయాయి.

ఆ వానాకాలం ఆయన మంచం దిగలేదు. నేలమీద కాలు పెడితే జలగలు పడతాయన్నాడు. అన్నం మంచం మీదికే తీసుకెళ్తే కొన్నాళ్లు తిన్నాడు, తర్వాత అదీ మానేశాడు. నేను అర్జీ మీద అర్జీ పెట్టాను. చివరికి మళ్లీ బోర్డుకి పిలుపు వచ్చింది. ఈసారి గడ్డం గీయించలేదు. ఉన్నదున్నట్టు చెప్పమని దారి పొడుగునా బతిమాలాను.

"ఆఫీసరు ముందల నిలబడి నానేడవాలేటే?" అన్నాడు.

ఏడవలేదు. మళ్లీ ఠీక్ హై సాబ్ అనే అన్నాడు. నేను తెర తోసుకుని లోపలికి వెళ్లి, నాకొచ్చిన హిందీలో అంతా చెప్పేశాను. జలగలు, మంచం, పక్క తడుపుకోవడం, ఒకనాడు నన్నెవరో అనుకుని గొంతు పట్టుకోవడం, ఏదీ దాచలేదు. ఆయన చూపు గోడ మీద ఉంది. కన్నీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తలేదు.

శాతం తిరిగొచ్చింది. రాంచీ డాక్టరూ మందులూ తిరిగొచ్చాయి. మావయ్య మంచం దిగాడు, నడిచాడు, అన్నం తిన్నాడు. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ కాస్త కోలుకోగానే ఆయన సువర్ణరేఖ ఏటికి అవతల మాంగోలో ఒంటిగది చూసుకుని వెళ్లిపోయాడు. చూడ్డానికి వెళ్తే "ఏటే బుల్లీ" అనడం మానేశాడు. "రండమ్మా" అంటూ లేచి నిలబడేవాడు. నేను కూర్చోమంటే గాని కూర్చునేవాడు కాదు. కోపమే అయితే తిట్లు తిని ఊరుకునేదాన్ని. ఆయనకి నామీద కోపం లేదు. ఆయన గుట్టు తెలిసిన ఆఫీసర్లలో నేనూ ఒకదాన్నయిపోయాను, అంతే.

పోయిన నెల వెళ్లి కందిపొడి ఇచ్చి వచ్చాను. మందులు వేసుకుంటున్నావా అని అడిగితే వేసుకుంటున్నానన్నాడు. బస్సు వేళవుతోందని గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను. రోడ్డు మలుపులో వెనక్కి చూస్తే, చేతులు తిన్నగా కిందికి దించుకుని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన్ని కూర్చోమనడం మరిచిపోయాను.