తపాలా సంచి ఎత్తగానే కడుపునొప్పి

ఆ ఉదయం తపాలా సంచి భుజానికెత్తుకోగానే కడుపులో మెలిపెట్టినట్టయింది. నేను గుడియాత్తం తపాలా ఆఫీసులో రన్నర్‌ని. గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని, కౌండిన్య ఏరు దాటి, మోర్ధానా వైపు కొండపల్లెలకు పరుగున జాబులు చేర్చడం నా పని. ఏళ్ల తరబడి పరుగెత్తినవాణ్ణి, ఆ రోజు ఊరు దాటకముందే రెండుసార్లు పొదల చాటుకు వెళ్లాల్సి వచ్చింది.

తిన్నదేదో పడలేదనుకున్నాను. మర్నాడూ అదే. పోనుపోను తిండి ఒంటబట్టక చిక్కిపోయాను. వాంతిభేదేమోనని వీధిలోవాళ్లు మా ఇంటి నీళ్లు ముట్టడం మానేశారు. నా భార్య మునెమ్మ మగ్గం పనికి వెళితే, కొన్నాళ్లు రావద్దని పంపేశారు. తను వామునీళ్లు కాచింది, దానిమ్మతొక్క కషాయం పట్టించింది. పోస్టుమాస్టరు మంచివాడే గానీ, సంచి ఆలస్యమైతే ఇంకొకరిని పెట్టుకోక తప్పదన్నాడు. అది విన్నాక నొప్పి ఇంకా పెరిగింది.

చివరికి మునెమ్మే నన్ను రైలెక్కించి వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. మైక్రోస్కోప్‌తో పరీక్ష చేసి కలరా కాదు, జిగట విరేచనాలూ కాదన్నారు. ఆ మాటకు మునెమ్మ వరండాలో కూర్చుని ఏడ్చేసింది. కడుపు కుదుటపడడానికి బిస్మత్ మందునీళ్లు ఇచ్చి ఇంటిపట్టున ఉండమన్నారు. ఉన్నన్నాళ్లూ కడుపు కుదురుగానే ఉంది. సంచి ఎత్తగానే మళ్లీ మొదలు. ఈసారి ఏటి ఒడ్డున చెమటలు పట్టి కూలబడ్డాను.

రెండోసారి ఇద్దరం వెళ్లినప్పుడు డాక్టరు, తమిళాయన, వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"ఆదివారం నొస్తుందా?"

"లేదు సామీ. ఆ పొద్దు పరుగుండదు."

"పరుగులో యాడ ఎక్కువ?"

ఏటికాడ అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. కిందటి వానల్లో నేను ఏట్లో ఉండగా కొండల మీద కురిసిన నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. సంచి నెత్తిన పెట్టుకుని, మెడలోతు నీళ్లలో ఒక బండను పట్టుకుని నిలబడ్డాను. జాబులు తడవలేదని అందరూ మెచ్చుకున్నారు. నేను పడ్డ భయం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

డాక్టరు దాన్ని నెర్వస్ డిస్పెప్సియా, అంటే బెదురుతో వచ్చే అజీర్తి అన్నాడు. "కడుపులో పుండు లేదప్పా. భయం ఉండాది. అయినా నొప్పి నిజమే, నువ్వు నటించలేదు."

ఆ చివరి మాటతో ప్రాణం లేచొచ్చింది. పరుగుకు ముందు చద్దన్నం, పచ్చిమిరపకాయ వద్దనీ, పలచని గంజి చాలనీ, దారిలో నీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగమనీ చెప్పాడు.

 తిరిగొచ్చే రైల్లో మునెమ్మ అంది: "నాకన్నా చెప్పకపోతివే. రేపట్నుంచి నేను ముందుగా పోయి ఏటికాడ నిలబడతా. నువ్వు దాటినాక ఇంటికి పోతా."

అలాగే నిలబడింది. మొదట్లో కడుపు మాట వినలేదు. ఒకరోజు నీళ్లు మోకాలికి తగలగానే వెనక్కి వచ్చేశాను. తను వచ్చి పక్కన కూర్చుంది. కాసేపయ్యాక లేచి దాటాను. డాక్టరు చెప్పింది విని, ఏరు పారే రోజుల్లో ఒంటరిగా దిగనక్కర్లేదని పోస్టుమాస్టరు తోడు ఏర్పాటు చేశాడు. అంటురోగం కాదని తెలిసి మగ్గంవాళ్లు మునెమ్మను మళ్లీ పిలిచారు.

ఇప్పుడూ పరుగెత్తుతున్నాను. సంచి దించాక కొండపల్లెలో రాగిసంగటి కడుపునిండా తింటాను, అరుగుతుంది. దూరం పరుగెత్తేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. కడుపు నొస్తే, ఏం తిన్నారో చెప్పి ఊరుకోకండి. ఏ రోజు నొవ్వదో అది కూడా డాక్టరుకు చెప్పండి.