రెండో వరసలో ఉన్న ఊరు

గోదారి మీద ఒట్టు, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం చూస్తే నవ్వుతారు. ఇల్లందు బస్సులో పులికి బీడీ ముట్టించిన కథ చెప్పి కండక్టరు చేత టికెట్లు కొట్టడం మరిపించినవాణ్ని నేను. నువ్వు నన్నెరగవు. అందుకే నీకు రాస్తున్నాను.

పదేళ్లుగా ఒక ఊరు నా గుండెల మీద కూర్చుని ఉంది. పెద్ద ఊరేం కాదు, ఇరవై గడప. వాన పడ్డప్పుడల్లా బరువెక్కుతుంది. ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను, ఇక్కడికి గోదారి హోరు వినపడదు. అయినా రేడియోలో నీటిమట్టం చెబుతుంటే లేచి కట్టేస్తాను.

ఆ ఊరి పేరు ఇప్పగుంపు. భద్రాచలం నుంచి చర్ల వైపు, అడవి అంచున, ఏటి ఒడ్డు పల్లంలో ఉన్న కోయగూడెం.

నేనప్పుడు భద్రాచలంలో ఒక ఆఫీసులో కంప్యూటరు మనిషిని. ఆఫీసు పేరు చెప్పను. ఉద్యోగం తాత్కాలికం, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి రావాల్సిన రోజులవి. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, గళ్లు గళ్లుగా పట్టిక. ఖమ్మంలో రెండు నెలలు నేర్చుకుని వచ్చాను. నేర్పినాయన ఒకే మాట పదిసార్లు చెప్పాడు. ఒక వరసను ఇంకోచోటికి జరపాలంటే ముందు అక్కడ ఖాళీ వరస చేర్చాలి. చేర్చకుండా జరిపితే వచ్చిన వరస ఉన్న వరస మీద పడుతుంది. ఉన్నది పోతుంది. చెరిపిన మచ్చ కూడా మిగలదు.

ఆ ఏడు గోదారి లేచింది. మా సారు మునిగే ఊళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చారు. పద్నాలుగు ఊళ్లు. ఎంత పల్లంలో ఉంటే అంత ముందు. లాంచీ ఆ వరసలోనే వెళ్లి జనాన్ని తేవాలి. రెండోది ఇప్పగుంపు. పదకొండోది మా అక్కను ఇచ్చిన ఊరు. అన్నీ పట్టికలోకి ఎక్కించాను.

ఆ సాయంత్రం హోటల్లో మా బావ తగిలాడు. మా ఊరు ఎన్నో నంబరు అని అడిగాడు. పదకొండన్నాను. సొంత బామ్మర్ది కంప్యూటరు డబ్బా ముంగట కూసున్నా గూడ పదకొండేనా, ఇగ నువ్వేం ఆఫీసరువోయ్ అని నలుగురిలో నవ్వాడు. అందరూ నవ్వారు. నేను ఊరుకునేవాణ్నా? ఒక్క మీట నొక్కితే ఊళ్లకు ఊళ్లు లేచి నడుస్తాయని, పొద్దున్నే మిమ్మల్ని రెండుకు తెస్తానని కోతలు కోశాను. ఇదీ కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను. లేదు.

తెల్లవారి జోరున వాన. కరెంటు లేదు, జనరేటరు మీద నడుపుతున్నాం. సారు వసారాలో నిలబడి, జల్దీ తియ్యవయ్యా, లాంచీ ఆగింది అని కేకలేస్తున్నారు. పదకొండో వరసను పట్టుకున్నాను. రెండో చోట వదిలాను. ఖాళీ వరస చేర్చలేదు. ఎందుకు చేర్చలేదు? తొందరా? సారు లోపలికొచ్చి చూస్తారన్న భయమా? నేర్చుకున్నది అక్కరకు రావాల్సిన ఆ ఒక్క నిమిషంలోనే చేతులు ఎందుకు మరిచిపోయాయి? పదకొండో చోట మిగిలిన ఖాళీని తీసేశాను. నంబర్లు వాటంతటవే సర్దుకున్నాయి. సరిచూద్దామంటే సారు రాసిచ్చిన కాగితం వానకు తడిసి, సిరా కారి, ముద్దయిపోయింది. ప్రింటు తీసిచ్చాను.

సారు దాన్ని చదవలేదు. కంప్యూటరు కాగితం కదా. అలాగే లాంచీ డ్రైవరు చేతిలో పెట్టారు. ఆయన రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాడు, మన గూడేలు ఎరగడు.

మా అక్కావాళ్లు అన్నాలు తిని, ఇంటికి తాళం వేసుకుని, తీరిగ్గా లాంచీ ఎక్కారు. నీళ్లు వాళ్ల పశువుల కొట్టం దాకా కూడా రాలేదు. రేవులో దిగుతూ మా బావ నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

ఇప్పగుంపు జనం వెనకున్న గుట్ట ఎక్కారు. రెండు రాత్రులు, మూడు పగళ్లు వానలోనే ఉన్నారు. దూరంగా లాంచీ పోతుంటే తువాళ్లు ఊపారట. అది ఆగలేదట. నీళ్లు తీశాక వాళ్లే దిగి వచ్చారు.

వారం తర్వాత ఆఫీసులో బియ్యం చీటీలు ఇస్తున్నాం. అదే పట్టిక. సారు జ్వరమొచ్చి ఖమ్మం వెళ్లారు. ఇప్పగుంపు నుంచి ముత్తయ్య అనే నడివయసు మనిషి కండువా వేసుకుని వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. నిజం తెలిసే వచ్చాడనుకున్నాను.

"సారూ, కాయితంల మా ఊరు లేదంటున్నరు."

"లేదు. కంప్యూటర్ల లేదు."

"మొన్న లాంచీ గూడ గందుకే రాలేదా?"

"అవ్."

"మా అమ్మ గా గుట్ట మీదనే పోయింది సారూ. జొరం. లాంచీ వస్తది, దవాఖానాకు తీస్కపోతరని ఎదురుచూసింది." తర్వాత, నన్ను ఓదార్చడానికి అన్నట్టు, "మేమే రాయించుకోకుంటిమేమో. తప్పు మాదే."

తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ని. ఇప్పుడు రాస్తా తియ్ అన్నాను. పద్నాలుగో వరసలో ఇప్పగుంపు కొట్టాను. అతను రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఆ తర్వాత దీన్ని కూడా కథ చేశాను. పందికొక్కు కంప్యూటర్లో దూరి ఒక ఊరి పేరు కొరికేసిందని హోటళ్లలో చెప్పి నవ్వించాను. మూలన కూర్చున్నవాళ్లలో ముత్తయ్య ఉన్నాడేమోనని ప్రతిసారీ ముందు చూసుకునేవాణ్ని. రెండేళ్లకు ఉద్యోగం వదిలి వచ్చేశాను. ఇవాళ్టికీ బస్టాండులో కండువా వేసుకున్న కోయ ముసలాయన ఎవరైనా నా వైపు నడిచొస్తే పక్క సందులోకి తిరుగుతాను. ఏం చేస్తాడని భయం? మళ్లీ దండం పెడతాడనా?

మొదట ఒట్టేశాను. ఒకచోట తప్పాను. రాస్తుంటే చెయ్యి అలవాటు కొద్దీ కల్పించేసింది.

సారు కాగితం తడవలేదు.

నంబర్లూ వాటంతటవి సర్దుకోలేదు. జరిపినప్పుడు చెదిరితే మళ్లీ మొదటి నుంచి నేనే కొట్టుకుంటూ వచ్చాను. పదమూడు దగ్గర ఊళ్లు అయిపోయాయి. పద్నాలుగు కొట్టబోయిన వేలు గాల్లో ఆగింది. చొక్కా జేబులోంచి కాగితం తీశాను. పొడిగా ఉంది. రెండో పేరు చదివాను. బయట సారు మళ్లీ కేకేశారు. సరిచేస్తూ కూర్చుంటే సారు లోపలికొచ్చి వరస ఎందుకు జరిపావంటారు, ఉద్యోగం పోతుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ప్రింటు నొక్కాను. రేవులో మా బావకు చెయ్యి ఊపేటప్పుడు అది నా జేబులోనే ఉంది.

ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. సిరా ఎక్కడా చెదరలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్పాను.