ఒక్క నల్ల కాలు

మా అమ్మమ్మ ఇర్మెలి చేత ఒక మాట పలికించడం కన్నా మార్చిలో ఇక్కడ ఫిన్లండ్‌లో మా ఔలు నది మంచును కరిగించడం తేలిక.

ఆమె చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. మనసంతా పక్క భవనంలోని కంప్యూటర్ల మీదే ఉండేది. బ్రాంచి మారడానికి రెండో ఏడాది చివర ఒక్కసారే వీలుంటుంది. కాగితం నింపి, ఆఫీసు గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చేసింది. కారణం రైమో. అప్పటికింకా మా తాతయ్య కాదు, ల్యాబులో ఆమెకు జత. హై వోల్టేజ్ ల్యాబులోకి ఒంటరి మనిషిని రానివ్వరు. తను వెళ్ళిపోతే అతనికి ఏడాది వృథా అవుతుందని ఆగిపోయింది. ఆ సంగతి అతనికి చెప్పలేదు.

సెప్టెంబరులో ల్యాబుకి వెళ్తే రైమో లేడు. ఇర్మెలి ఎలాగూ కంప్యూటర్లకే పోతుందనుకుని తనూ అక్కడికే మారిపోయాడు. అతనూ చెప్పలేదు. రోజూ రెండింటికి ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగిన మనుషులు! నేను వృత్తి బడి సగంలో మానేసినవాణ్ణే గాని, ఇంతటి తెలివి నాకూ లేదు.

పెళ్ళయ్యాక ఆమె ముప్ఫై ఏళ్ళు ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య గడిపింది. తాతయ్య తనకు అంతుపట్టని ప్రోగ్రాములు ఇంటికి తెచ్చి, వంటింటి బల్ల మీద పెట్టి పడుకునేవాడు. పొద్దునకి వాటి మీద పెన్సిలు దిద్దుళ్ళుండేవి. ఆయన చూసి సంచిలో పెట్టుకునేవాడు.

మా దగ్గర విద్యార్థుల ఓవరాళ్ళకు, అంటే చొక్కా, ప్యాంటు కలిపి కుట్టిన బట్టలకు, బ్రాంచిని బట్టి రంగు: ఎలక్ట్రికల్‌కి తెలుపు, కంప్యూటర్లకి నలుపు. ప్రేమలో జతకట్టినవాళ్ళు చెరో కాలూ కత్తిరించి మార్చి కుట్టుకుంటారు. అలా అమ్మమ్మ తెల్ల ఓవరాల్‌కి ఒక నల్ల కాలు, తాతయ్య నల్లదానికి ఒక తెల్ల కాలు వచ్చాయి.

మొన్న తాతయ్య పోయాడు. ఆయన ఓవరాల్‌ని శవపెట్టెలో ఆయనతో పంపాలని, నల్ల కాలు తిరిగిచ్చేయడానికి అమ్మమ్మ తన ఓవరాల్ కుట్లు విప్పుతూ కూర్చుంది.

"అప్పుడు ఒక్క మాట చెబితే అయిపోయేది కదే అమ్మమ్మా?" అన్నాను.

"అడిగితే చెప్పేదాన్ని."

"మరి తాతయ్య?"

"పెళ్ళయిన పదేళ్ళకి అడిగాను. అడిగితే చెప్పేవాణ్ణి అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. సగం విప్పిన కుట్ల మీద కత్తెర ఆగిపోయింది. సూదిలో దారం ఎక్కించమని నా చేతికిచ్చింది.

"ఇది నా దగ్గరే ఉండనీరా," అంది. "కంప్యూటర్లలో నేను పెట్టింది ఈ ఒక్క కాలే."

తాతయ్య ఒక తెల్ల కాలితోనే వెళ్ళాడు.